జిమ్‌లో, గ్రౌండ్‌లో రోజూ అడిగే ప్రశ్నలు: తిండి, నడక, బరువు, షుగరు

అనంతపురంలో చిన్న జిమ్ నడుపుతున్నాను, పదేళ్ళు దాటింది. పొద్దున జిమ్‌లో, సాయంత్రం గ్రౌండ్‌లో, ఆఖరికి పెళ్ళిలో బంతిలో కూర్చున్నా సరే, "అన్నా, ఇది తినొచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను. షుగరు, బీపీ, గుండె, కిడ్నీలకు మందులు వాడుతున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఇందులో ఏది మొదలుపెట్టాలన్నా ముందు మీ డాక్టర్‌ని ఒక మాట అడగండి. మిగతావాళ్ళు చదవండి, తిట్టాలనిపిస్తే జిమ్‌కి వచ్చి తిట్టండి.

అన్నం మానేసి రాగి సంగటి తింటే షుగర్ తగ్గుతుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే మొదట పెట్టాను. అన్నం కంటే సంగటి మేలే, కానీ మీరు అనుకుంటున్నంత తేడా ఉండదు. 100 గ్రాముల బియ్యంలో 350 దాకా క్యాలరీలు ఉంటే, అంతే రాగి పిండిలో 320 పైచిలుకు ఉంటాయి. రెండిట్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే, అరిగాక చక్కెరయ్యేదే. రాగుల గొప్పతనం వేరే చోట ఉంది. 100 గ్రాములకు 11 గ్రాముల దాకా పీచు, 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటాయి, బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఎముకలకు, ఆడవాళ్ళకు, ఎదిగే పిల్లలకు ఇది చాలా పనికొచ్చే విషయం.

అయితే మన సంగటి ఉత్త రాగులు కాదు కదా. ముందు బియ్యం మెత్తగా ఉడికించి, అందులో రాగి పిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గెలుకుతాం. చాలా ఇళ్ళల్లో సగానికి సగం బియ్యమే ఉంటుంది, పిల్లలు తినరని ఇంకొంచెం కలుపుతారు. ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా అరుగుతుంది, షుగరూ అంత తొందరగా పైకి పోతుంది.

ఒక రిటైరైన టీచర్ గారు ఆరు నెలలు సంగటి తిన్నా షుగర్ దిగలేదని రిపోర్టు పట్టుకుని వచ్చారు. "పూటకు ఎన్ని ముద్దలు సార్?" అంటే "రెండే" అన్నారు. మరుసటి రోజు ఇంటి నుంచి ఒక ముద్ద డబ్బాలో పెట్టి తెమ్మన్నాను. అరిటాకులో చుట్టి తెచ్చారు, ఇంకా వేడిగానే ఉంది, పైన నెయ్యి గుంట కూడా అట్లే ఉంది. కాటా మీద పెడితే 410 గ్రాములు తూగింది. అంటే పూటకు ముప్పావు కిలో పైన. సార్ కాటా వైపు చూసి, నా వైపు చూసి, "మా నాయన మూడు తినేవాడు" అన్నారు. నిజమే, వాళ్ళ నాయన మూడు తిని మడక పట్టి సాయంత్రం దాకా దున్నేవాడు. మా అవ్వ కూడా రెండు ముద్దలు తిని చేన్లో పొద్దు గూకేదాకా కలుపు తీసేది. మనం పని వదిలేసి ముద్దలు మాత్రం ఉంచుకున్నాం. నన్నడిగితే రాయలసీమ షుగర్ కథ అంతా ఇక్కడే ఉంది, సంగటిని మెచ్చుకున్నా అన్నాన్ని తిట్టినా ఇది మారదు.

కాబట్టి ముద్ద చిన్నది చేయండి, టెన్నిస్ బంతి కంటే కొంచెం పెద్దగా, ఒక్కటే. సంగటిలో బియ్యం వంతు తగ్గించండి. పక్కన గట్టి పప్పు, గోగాకో పాలకూరో, గుడ్డో కోడికూరో కంచంలో సంగటికి సమానంగా ఉండాలి. ముందు కూర, పప్పు కొంచెం తిని తర్వాత సంగటి అందుకుంటే ఇంకా మంచిది. తిన్నాక పది పదిహేను నిమిషాలు వాకిట్లోనైనా తిరగండి, తిన్న తర్వాత ఎగిసే షుగరును ఆ చిన్న నడక బాగానే దించుతుంది. సార్ ముద్ద ఇప్పుడు 200 గ్రాములు. మందులు మాత్రం డాక్టర్ చెప్తే తప్ప తగ్గించుకోవద్దని ఆయనకు చెప్పాను, మీకూ అదే.

మరి కొర్రలు, సామలు, అరికెలు?

పైన రాసిందే ఇక్కడా. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి మన తాతలు తిన్న కొర్రలే రంగు ప్యాకెట్లలో మనకు తిరిగొస్తున్నాయి. కొర్రన్నం, సజ్జ రొట్టె, జొన్న రొట్టె అన్నీ మంచివే, మరీ పాలిష్ పట్టనివి తీసుకోండి. కర్నూలు వైపు వాళ్ళకు జొన్న రొట్టెతో ఒక సౌకర్యం ఉంది, ఎన్ని తిన్నామో లెక్క తెలుస్తుంది. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ మాత్రం ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివి కొనండి. చాలావాటిలో మొదటి పేరు మైదా, రెండోది చక్కెర.

శనక్కాయలు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందంటారు, నిజమేనా?

శనక్కాయలు పండే జిల్లాలో పుట్టి వాటికి భయపడేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. కొలెస్ట్రాల్ అనేది మాంసం, గుడ్డు, పాలలాంటి జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది. శనగ్గింజలో అది సున్నా. అందులోని కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకమే.

కానీ క్యాలరీలు దండిగా ఉంటాయి. 100 గ్రాములకు 560 పైన. గుప్పెడు గింజలు, అంటే 30 గ్రాములు, 170 క్యాలరీలు, 7 గ్రాముల ప్రోటీన్. ఇది మంచి సాయంత్రపు తిండి, ముఖ్యంగా ఉడికించి తింటే. చిక్కెక్కడంటే మనం గుప్పెడు తిని ఆగం, ఆగినా వంటింట్లో అవి ఆగవు. ఊరిబిండిలో అవే, పప్పులపొడిలో అవే, చిత్రాన్నంలో అవే, గుత్తివంకాయలో అవే, చివరకు నూనె కూడా అదే. ఒక పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు, ఏ నూనె అయినా సరే. గానుగ నూనె మంచిదని చెప్పి రెండు గరిటెలు ఎక్కువ పోసేవాళ్ళున్నారు, గానుగలో పట్టినా క్యాలరీ తగ్గదు. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్లు అయిపోతుందో చూసి మనుషుల సంఖ్యతో భాగించండి. మనిషికి అర లీటరు చుట్టూ ఉంటే బాగుంది, లీటరు దాటితే మీ పొట్ట సంగతి నన్ను అడగక్కర్లేదు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తేమ తగిలి బూజు పట్టిన, ముడుచుకుపోయి నల్లబడిన గింజల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. నాలుగు గింజలే కదా అని చట్నీలో వేయకుండా పారేయండి.

పొద్దున ఉగ్గాణి బజ్జి తినొచ్చా?

ఆదివారం తినండి. ఉగ్గాణిలో ఉండేది బొరుగులే, తేలికే, కడుపులో నిలవవు, అందుకే పదకొండుకల్లా మళ్ళీ ఆకలేస్తుంది. బజ్జి గురించి నేనేం చెప్పినా మీరు వినరు, నేనూ వినను. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టుకోండి, ప్రోటీన్ అన్నా దొరుకుతుంది.

రోజుకు ప్రోటీన్ ఎంత కావాలి? మేం గుడ్డు కూడా తినం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు. 60 కిలోలుంటే 50 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్ళు కిలోకు 1.2 నుంచి 1.6 దాకా తీసుకుంటే కండ బాగా కడుతుంది. 50 గ్రాములు చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ మన కంచంలో అంత రాదు. మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో చారు, రాత్రి అన్నంలో మజ్జిగ, మధ్యలో రెండు టీలు, ఇలా తినేవాళ్ళకు అందులో సగం వస్తే గొప్ప.

గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, వండిన కోడికూర ముక్కలు 100 గ్రాములకు 25 పైన. శాకాహారులకు పప్పులే దిక్కు. ఎండు పప్పు ఏదైనా 100 గ్రాములకు 22 గ్రాముల చుట్టూ ఉంటుంది, కందిబ్యాళ్ళైనా, ఉలవలైనా, అలసందలైనా. తప్పల్లా మనం పప్పును నీళ్ళలా చేయడంలో ఉంది. నలుగురికి ఒక చిన్న గ్లాసు బ్యాళ్ళు వేసి రెండు లీటర్ల చారు పెడితే ఎవరికీ ఏమీ రాదు. గరిట నిలబడేలా పప్పు చేసుకోండి. చలికాలంలో అనపకాయలు, అదే చిక్కుడు జాతి గింజలు, వచ్చినన్ని రోజులు వదలొద్దు. సాయంత్రం గుగ్గిళ్ళు, ఒక పూట గట్టి పెరుగు, ఇవి చాలు.

బి12 విటమిన్ మాత్రం మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు కూడా సరిగా తినని శాకాహారులకు చేతులు తిమ్మిర్లు, ఊరికే అలసట ఉంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రోటీన్ పౌడర్ వాడితే కిడ్నీలు పోతాయా?

కిడ్నీలు బాగున్నవాళ్ళకు మామూలు మోతాదులో పోవు. ఇంతకుముందే కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. అది పాల నుంచి తీసిన పొడి, డబ్బాతో వచ్చే పెద్ద కొలత చెంచాలో 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, అంతే. మాయా కాదు, విషమూ కాదు. తిండితో సరిపోయేవాళ్ళకు అక్కర్లేదు.

నా అసలు భయం నకిలీల గురించి. మొదట్లో ఒక షాపులో సగం ధరకు వస్తోందని డబ్బా కొన్నాను. నీళ్ళలో వేస్తే కరగకుండా అడుక్కి పిండిలా దిగింది, తాగిన మూడు రోజులు కడుపు ఉబ్బరం. తీసుకెళ్ళి అడిగితే "సీలు తీశావు కదా, వాపసు తీసుకోం" అన్నాడు. సీలు తీయకుండా తాగేదెట్లా? అప్పటి నుంచి బిల్లు ఇవ్వని చోట కొనను, డబ్బా మీది కోడ్ కంపెనీ సైట్‌లో చూసుకుంటాను, మరీ చవగ్గా వస్తే ఆ డబ్బుతో గుడ్లు కొంటాను.

చక్కెర మానేసి బెల్లం టీ తాగుతున్నాను, సరిపోతుందా?

బెల్లం కూడా చక్కెరే అన్నా, రంగు మారింది. 100 గ్రాముల చక్కెర 400 క్యాలరీలైతే బెల్లం 380 దాకా. షుగర్ ఉన్నవాళ్ళకు రెండూ ఒకటే.

లెక్క వేసుకోండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు, చెంచాకు దాదాపు 5 గ్రాములు. అక్కడికే 40 గ్రాములు. పైనుంచి వేసుకునే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడుతుంది.

ఎండాకాలం నన్నారి షర్బత్ గురించి కూడా అడుగుతారు. వేరు చలవే కావచ్చు, గ్లాసులో పోసేది మాత్రం చక్కెర పాకం. ఎప్పుడైనా ఒకటి తాగితే ఏమీ కాదు, రోజూ దాహానికి మాత్రం పలుచని మజ్జిగ తాగండి.

పొట్ట ఒక్కటే తగ్గాలి, ఏ ఎక్సర్‌సైజ్ చేయాలి?

అలాంటిది లేదు. పొట్ట వ్యాయామాలు వంద చేస్తే లోపలి కండ గట్టిపడుతుంది, పైన కొవ్వు అట్లే ఉంటుంది. ఒళ్ళంతా తగ్గుతూ వస్తే పొట్టా తగ్గుతుంది, మగవాళ్ళకు సాధారణంగా చివర్లో. బరువు కాటా కంటే టేపు మేలు. నడుము చుట్టూ మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే మన దేశం వాళ్ళకు అది హెచ్చరిక. ప్యాంటు సైజు చెప్పొద్దు, ప్యాంటు పొట్ట కింద కడతాం కాబట్టి అది అబద్ధం చెప్తుంది. టేపు బొడ్డు దగ్గర పెట్టి, ఊపిరి బిగబట్టకుండా చూడండి.

రోజూ పది వేల అడుగులు నడవాలా?

ఆ పది వేలు ఏ డాక్టరూ తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని "పది వేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరుతో అమ్మారు, ఆ అంకె ప్రపంచమంతా పాకింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఏడెనిమిది వేల అడుగుల దాకా లాభం బాగా పెరుగుతూ పోయి, ఆపైన నెమ్మదిస్తుందని తేలింది. ఇప్పుడు రెండు వేలు నడిచేవాళ్ళు నాలుగు వేలకు వస్తే అదే పెద్ద మార్పు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది గుర్తు పెట్టుకోవడం తేలిక: రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులు. చురుకు అంటే పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నలుగురు పక్కపక్కనే చేతులు వెనక్కి కట్టుకుని రాజకీయాలు మాట్లాడుకుంటూ తిరుగుతారు చూడండి, దాన్ని నేను వాకింగ్‌లో లెక్కపెట్టను. ఇంట్లో కూర్చోవడం కంటే మేలే, గొడవపడకండి.

నడక ఒక్కటి చాలదా, బరువులు ఎందుకు?

చాలదు. వారానికి రెండు రోజులైనా కండలకు పని పెట్టాలి, ఇది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. ముప్పై దాటాక కండ మెల్లగా కరుగుతూ పోతుంది, తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఆ కండే, కాబట్టి షుగర్ ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. జిమ్‌కే రానక్కర్లేదు, ఈ మాట నా వ్యాపారానికి నష్టమే. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు పెట్టి దండీలు పదిసార్లు, రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం పదిసార్లు, ఇదంతా మూడు చుట్లు. ఇరవై నిమిషాలు పట్టదు. తేలికైపోయాక బస్కీలకు, నేల మీది దండీలకు మారండి.

ఆడవాళ్ళు బరువులు ఎత్తితే మగవాళ్ళలా తయారవుతారా?

అవ్వరు అక్కా. పదేళ్ళుగా ఎత్తుతున్న మగపిల్లలకే రావడం లేదు, మీకు నెలలో వస్తుందా? అంత కండకు కావాల్సిన హార్మోన్ ఆడవాళ్ళ ఒంట్లో చాలా తక్కువ. బిందె నీళ్ళు చంకన పెట్టుకుని నడిచినప్పుడు రాని భయం ఐదు కిలోల డంబెల్ చూస్తే ఎందుకో.

ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం. వ్యాయామం చేస్తే తగ్గుతుందా?

ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, అంటే ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 కంటే తక్కువుంటే తక్కువే. ఎనిమిదో తొమ్మిదో పెట్టుకుని జిమ్‌కి వచ్చి కళ్ళు తిరిగి పడినవాళ్ళను నేను పట్టుకున్నాను. నెలసరి మరీ ఎక్కువగా పోతున్నా డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడొద్దు. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మధ్యలో ఆపొద్దు. ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పడాల్సింది కూడా పడదు. గంట ఆగండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎప్పుడు నడవాలి?

తెల్లారుజామున ఐదుకు మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండండి. సాయంత్రం అయితే ఏడు దాటాక, ఎందుకంటే పొద్దు గూకినా నేల సెగ కొడుతూనే ఉంటుంది. మన దగ్గర 40 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు, కర్నూలు, కడప వాళ్ళకు ఇంకా ఎక్కువ. చెమట కారితే కొవ్వు కరిగినట్టు కాదు, నీళ్ళు పోయినట్టు. ఎండలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెత్తేవాళ్ళను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

బాగా చెమట పోయాక ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఎండలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, పడిపోయినా 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవొచ్చా?

చాలామంది నడవొచ్చు, నడవాలి కూడా. వాపు, ఎర్రదనం, మోకాలు పట్టేసి కదలకపోవడం ఉంటే ముందు ఎముకల డాక్టర్. మామూలు అరుగుదల అయితే తొడ ముందు కండ గట్టిపడితే నొప్పి తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాచి ఐదు లెక్కపెట్టి దించండి, కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

నా మోకాలు నేనే చెడగొట్టుకున్నాను. ఎప్పుడూ పరిగెత్తనివాణ్ణి మొదటి వారమే సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన బూట్లతో రోజుకు 8 కిలోమీటర్లు పరిగెత్తాను, ఎవరో కుర్రాడు దాటిపోయాడని పంతం. పదో రోజుకు మోకాలు కొబ్బరికాయంత అయింది, మూడు నెలలు కూర్చున్నాను. మట్టి నేల మీద, వారానికి కొంచెం చొప్పున పెంచండి.

కారం తింటే బీపీ వస్తుందా?

రాదు, ఉప్పుతో వస్తుంది. కానీ మన కారం ఒంటరిగా రాదు. ఎర్రకారం దోశ, ఊరగాయ, ఊరిబిండి, అన్నిట్లో కారానికి తగ్గ ఉప్పు ఉంటుంది. రోజుకు 5 గ్రాములు, అంటే అన్నీ కలిపి ఒక టీ చెంచా, అదీ హద్దు. అన్నంలో, మజ్జిగలో పైనుంచి వేసుకునే ఉప్పు ముందు మానేయండి. బీపీ 140/90 దగ్గర ఉంటున్నవాళ్ళు ఊరగాయను కూరలా కాకుండా ఊరగాయలా నంజుకోండి.

బోరు నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. కాస్తే క్రిములు చస్తాయి, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మా జిల్లాలో చాలా ఊళ్ళ భూగర్భ జలంలో ఈ సమస్య ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా, అదీ దేశంలో తాగునీటి ప్రమాణం. పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తే నీళ్ళు పరీక్ష చేయించండి. ఆర్ఓ పడుతుంది, మామూలు క్యాండిల్ ఫిల్టర్ పట్టదు. పెద్దవాళ్ళ నడుము, కీళ్ళు బిగుసుకుపోయినప్పుడు అంతా వయసే అనుకోకుండా ఈ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి.

శనివారం ఒక్కపొద్దు, రంజాన్ రోజాలో వ్యాయామం?

తేలికగా చేయండి. రోజా ఉన్నవాళ్ళు ఇఫ్తార్ అయ్యాక గంట గంటన్నర ఆగి చేస్తే నీళ్ళు తాగే వీలుంటుంది. సహర్‌లో, అంటే తెల్లారకముందు తినేటప్పుడు, గుడ్లు, పప్పు, పెరుగు తినండి, ఉత్త అన్నం తింటే మధ్యాహ్నానికే కూలబడతారు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు ఉపవాసానికి ముందే డాక్టర్‌తో డోసు మార్పించుకోవాలి, షుగర్ పడిపోతే ప్రాణం మీదకొస్తుంది. ఒక్కపొద్దు పేరుతో రాత్రికి పది పూరీలు తినేవాళ్ళ గురించి నేనేమీ అనను, మా ఇంట్లోనే ఉన్నారు.

ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ముప్పై దాటితే ఏడాదికోసారి బీపీ, షుగరు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి చూస్తారు, పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 మధ్య అంచున ఉన్నట్టు, 126 పైన ఉంటే మళ్ళీ ఒకసారి చూసి డాక్టర్ తేలుస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. అంచున దొరికినవాళ్ళు అదృష్టవంతులు, అక్కడి నుంచి వెనక్కి రావడం చాలామందికి సాధ్యమే.

నిద్ర తక్కువైతే బరువు పెరుగుతారా?

అవును, ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీద, నూనె మీద. ఏడు గంటలు పడుకోండి. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి పొద్దున ఐదుకు జిమ్‌కి వచ్చే కుర్రాళ్ళను నేను వెనక్కి పంపేస్తున్నాను.

చీరలో, చెప్పులతో నడవొచ్చా?

నడవొచ్చు. జారిపోయే రబ్బరు చెప్పులు మాత్రం వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, కుచ్చిళ్ళు మడమ పైకి ఉండేలా కట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు ఉత్తకాళ్ళతో నడవొద్దు, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి, దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు. మా గ్రౌండ్‌లో ఒక పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని, పట్టీ చెప్పులతో, తెల్లారకముందే ఎనిమిది రౌండ్లు కొడుతుంది. నడకలో ఆమెను దాటాలని రెండుసార్లు చూశాను, కుదరలేదు. మంచి బూట్లు కొనిస్తానంటే "వద్దు నాయనా, అవి వేసుకుంటే కాళ్ళు ఉడుకుతాయి" అని తొమ్మిదో రౌండ్ మొదలుపెట్టింది.